నర్సింగ్‌లోకి రావడం, వచ్చాక నిలబడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి కౌన్సెలింగ్ ముగిసేదాకా ఇవే సందేహాలు. ఒకరోజు తల్లిదండ్రులు అడుగుతారు, ఇంకోరోజు పిల్లలు, మధ్యమధ్యలో ఉద్యోగం చేస్తున్న సిస్టర్లు, అప్పుడప్పుడు ఆస్పత్రిలో తమవాళ్ళను చేర్చినవాళ్ళు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఎవరికి కావలసింది వారు వెతుక్కుని చదువుకోవచ్చు, ఏ జవాబుకి ఆ జవాబు విడిగా అర్థమవుతుంది. ఒక మాట ముందే చెప్తున్నాను. సీట్లు పెంచితే నర్సుల కొరత తీరిపోతుందని నేను నమ్మను. అన్ని రకాల ఇళ్ళ నుంచి, ఊళ్ళ నుంచి పిల్లలు రావాలి, వచ్చినవాళ్ళు విసిగిపోయి వెళ్ళిపోకుండా ఉండాలి. నా జవాబులన్నీ ఆ వైపుకే మొగ్గి ఉంటాయి.

## చేరకముందు

ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్‌లలో ఏది మంచిది?

ఏఎన్‌ఎం (ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్) రెండేళ్ళు, జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. ఇంటర్ బైపీసీ చదివి, ఇంట్లో నాలుగేళ్ళ ఖర్చు భరించగలిగితే బీఎస్సీకే వెళ్ళమంటాను. పాఠాలు చెప్పే ఉద్యోగానికి, ఎమ్మెస్సీకి, విదేశాలకు దారి దగ్గరవుతుంది. బీఎస్సీకి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో 45% మార్కులు కావాలి, ఎస్సీ, ఎస్టీలకు 40% చాలు. ప్రవేశాలు ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం చూస్తాయి. ర్యాంకు ఏ పరీక్షతో ఇస్తారన్నది ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, పక్కింటివాళ్ళు పోయినేడాది విన్న మాట నమ్మొద్దు.

డబ్బు ఇబ్బంది ఉంటే చిన్న కోర్సుతో మొదలుపెట్టడం తప్పేమీ కాదు. ఏఎన్‌ఎం చేసి రిజిస్టర్ అయినవాళ్ళు జీఎన్‌ఎంలో చేరవచ్చు. జీఎన్‌ఎం తర్వాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది. సంపాదించుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కినవాళ్ళు మన ఆస్పత్రుల్లో చాలామందే ఉన్నారు.

మా అమ్మాయి ఇంటర్ సీఈసీ. నర్సింగ్‌కి పనికిరాదా?

పనికొస్తుంది. జీఎన్‌ఎంకి ఏ గ్రూపైనా ఫర్వాలేదు. ఇంటర్‌లో 40% మార్కులుండి ఇంగ్లిష్ పాసై ఉండాలి, వయసు 17 నిండాలి. నేరుగా బీఎస్సీకి మాత్రం వీలుకాదు. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ కష్టంగా ఉంటాయి. చేరేలోపు ఖాళీగా ఉండే నెలల్లో పదో తరగతి జీవశాస్త్రం పుస్తకం మళ్ళీ తీసి చదివిస్తే చాలావరకు టెన్షన్ తగ్గుతుంది.

జీఎన్‌ఎం రద్దు చేస్తారట కదా? ఇప్పుడు చేరితే మునిగిపోతామా?

కొన్నేళ్ళ క్రితం జీఎన్‌ఎంని దశలవారీగా ఆపేసి అంతా బీఎస్సీ చేద్దామన్న ప్రతిపాదన వచ్చిన మాట నిజమే. అది అమలు కాలేదు. ఒకవేళ రేపు ఆపినా, అప్పటికే పాసై రిజిస్టరైన వాళ్ళ అర్హత పోదు.

మా అబ్బాయి నర్సింగ్ చేస్తానంటున్నాడు. మగపిల్లలకు ఉద్యోగాలు ఇస్తారా?

ఇస్తారు. ప్రపంచంలోని నర్సుల్లో నూటికి దాదాపు 85 మంది ఆడవాళ్ళే. అంతమాత్రాన ఇది ఆడవాళ్ళ పని అయిపోదు. ఎమర్జెన్సీ, ఆర్థో, డయాలసిస్, మానసిక వైద్యం వార్డుల్లో మగ నర్సు కోసం వెతుక్కుంటారు. మూత్రం గొట్టం వేయించుకోవడానికి సిగ్గుపడి, చెప్పుకోలేక బాధపడే పెద్దాయనలు ప్రతి వార్డులోనూ ఉంటారు. వాళ్ళకి మగ నర్సు ఉండటం సౌకర్యం మాత్రమే కాదు, వైద్యం సమయానికి అందడం కూడా.

పరిమితులు కూడా తెలుసుకోండి. ఏఎన్‌ఎం కోర్సు ఆడపిల్లలకే. మిలిటరీ నర్సింగ్ సర్వీస్ మొదటి నుంచీ మహిళలదే. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 2019లో మహిళలకు 80%, పురుషులకు 20% అన్న లెక్క పెట్టారు. అంటే మగపిల్లలకు పోటీ గట్టిగా ఉంటుంది. మంచి ర్యాంకు లక్ష్యంగా పెట్టుకుని చదవమనండి.

కాలేజీ అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

అనుమతి కాగితాలు చూడటం మొదటి పని. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, బీఎస్సీ అయితే ఆరోగ్య విశ్వవిద్యాలయం అఫిలియేషన్ ఉండాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో పేరుందో లేదో కూడా చూడండి. కానీ కాగితాలు సరిగ్గా ఉండి చదువు లేని కాలేజీలు కూడా ఉన్నాయి. అక్కడే తల్లిదండ్రులు మోసపోయేది.

భవనం, బస్సు, ఏసీ క్లాస్‌రూమ్ చూసి మురిసిపోకండి. "పిల్లలకు క్లినికల్ పోస్టింగ్, అంటే వార్డులో పని నేర్పడం, ఏ ఆస్పత్రిలో?" అని అడగండి. కాలేజీకి సొంతంగా కనీసం 100 పడకల ఆస్పత్రి ఉండాలన్నది నిబంధన. ఆ ఆస్పత్రికి ఒక మామూలు పనిరోజు పొద్దున పది గంటలకు చెప్పకుండా వెళ్ళండి. మంచాల మీద రోగులున్నారా? పిల్లలు బీపీ చూస్తున్నారా, ఇంజెక్షన్ చేస్తున్నారా, పక్కన టీచరుందా? మంచాలు ఖాళీగా, దుప్పట్లు మడత నలగకుండా ఉంటే ఆ కాలేజీని వదిలేయండి. వార్డు చూడకుండా నర్సింగ్ పాసైన పిల్ల మొదటి నైట్ డ్యూటీలో పడే భయం మాటల్లో చెప్పలేం. ఆ భయం ఖరీదు రోగే చెల్లిస్తాడు.

సీనియర్ విద్యార్థినిని పక్కకు పిలిచి ఇంకో సంగతి అడగండి: "డెలివరీ కేసులు ఎన్ని చూశావమ్మా?" ఆ జవాబు బ్రోషర్‌లో దొరకదు.

నర్సు చదివిస్తే పెళ్ళి సంబంధాలు రావంటున్నారు మా వాళ్ళు.

ఆ మాట చెప్పిన బంధువుల్లో ఎవరైనా ఆస్పత్రిపాలైతే మొదటి ఫోన్ మీ అమ్మాయికే వస్తుంది. నైట్ డ్యూటీల గురించి పెళ్ళికి ముందే విడమరిచి మాట్లాడుకోండి. అంతకుమించి దీనికి నా దగ్గర జవాబు లేదు.

## చదువుతున్నప్పుడు

నేను తెలుగు మీడియం. క్లాసులో ఒక్క ముక్క అర్థం కావట్లేదు. మానేయాలా?

మానేయొద్దు. ఈ ప్రశ్న అడిగేవాళ్ళలో ఎక్కువమంది ప్రభుత్వ బళ్ళలో చదివి, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళు. మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లిష్ ఒక పేపర్‌గా పెట్టిందే ఈ ఇబ్బంది తీర్చడానికి. దాన్ని పాస్ మార్కుల పేపర్‌గా చూడకండి.

పనికొచ్చే పద్ధతి ఒకటుంది. రోజుకు కొన్ని వైద్య పదాలు, వాటి పక్కన రోగి అనే తెలుగు మాట రాసుకోండి. డిస్ప్నియా అంటే ఆయాసం, గిడ్డీనెస్ అంటే కళ్ళు తిరగడం, పాల్పిటేషన్ అంటే గుండె దడ. ఆరు నెలల్లో మీ చేతిలో ఒక నోట్‌బుక్ తయారవుతుంది. వార్డులో మీ ఇంగ్లిష్ మీడియం స్నేహితురాలు మీ దగ్గరకే వస్తుంది, ఎందుకంటే "కడుపులో తిప్పుతోంది", "గుండెల్లో మంట", "నీరసంగా గుంజేస్తోంది" అని రోగి చెప్పినప్పుడు కేస్ షీట్‌లో ఏం రాయాలో తేల్చుకోవడం అందరికీ రాదు. చాలాకాలం పాటు మన పెద్దాస్పత్రుల్లో మలయాళీ సిస్టర్లే ఎక్కువ. వాళ్ళు తెలుగు నేర్చుకుని మరీ మనకు సేవ చేశారు. మీకు ఆ భాష పుట్టుకతోనే వచ్చింది.

మాది గిరిజన గూడెం. ఊరు దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. నావల్ల అవుతుందా?

మీలాంటివాళ్ళ కోసమే ఆస్పత్రులు ఎదురుచూడాలి. ఆదిలాబాద్ వైపు గోండి, కొలామీ మాట్లాడే ఊళ్ళున్నాయి, అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో కువి, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం వైపు సవర మాట్లాడేవాళ్ళున్నారు. అక్కడి నుంచి నెలలు నిండిన గర్భిణి కిందికి దిగి వచ్చాక, నొప్పులెప్పుడు మొదలయ్యాయని ఆమె భాషలో అడిగే మనిషి ఒక్కరుంటే చాలు, సగం భయం తగ్గుతుంది. మాట అర్థం కాక, కసురుకుంటారని భయపడి కాన్పుకి రాని ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

రోగికి తనలాంటి మనిషి కనబడితే వైద్యం మీద నమ్మకం పెరుగుతుందని చెప్పడానికి అధ్యయనాలూ ఉన్నాయి. అమెరికాలో ఓక్లండ్ నగరంలో నల్లజాతి పురుషుల మీద చేసిన ప్రయోగంలో, నల్లజాతి డాక్టరుతో మాట్లాడినవాళ్ళు షుగరు, కొలెస్ట్రాల్ లాంటి పరీక్షలకు ఎక్కువగా ఒప్పుకున్నారు. మన కొండల్లో అయినా మనిషి మనసు అంతే.

మీరు చేయాల్సింది: ఎస్టీ రిజర్వేషన్, స్కాలర్‌షిప్, సంక్షేమ హాస్టల్ వివరాలు మీ ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో ముందే కనుక్కోండి. కుల ధ్రువీకరణ పత్రం కౌన్సెలింగ్‌కి ముందే తీసుకుని ఉంచండి. సీటు వచ్చి కాగితం లేక వదులుకున్న పిల్లలున్నారు. మొదటి మూడు నెలలు ఇంటి మీద బెంగ ఖాయం. అది దాటితే నిలబడతారు.

కోర్సు అయిపోయింది. బాండ్ రాశావు, ఇక్కడే పనిచేయాలంటూ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వట్లేదు.

విద్యార్థి సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చునే హక్కు కాలేజీకి లేదు. బాండ్ పద్ధతి వద్దని ఇండియన్ నర్సింగ్ కౌన్సిలే ఎప్పుడో చెప్పింది. నోటితో అడిగి ఊరుకోకుండా అర్జీ రాసివ్వండి, ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. పది రోజుల్లో కదలకపోతే విశ్వవిద్యాలయానికి, రాష్ట్ర కౌన్సిల్‌కి ఫిర్యాదు పంపండి. ఒక్కరే వెళ్ళే బదులు బ్యాచ్ అంతా కలిసి సంతకాలు పెడితే పని త్వరగా అవుతుంది. చేరేటప్పుడు ఏ కాగితం మీద సంతకం పెట్టినా ఫోటో తీసి పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

## ఉద్యోగంలో

రిజిస్ట్రేషన్ లేకుండా ప్రైవేటులో చేరితే ఏమవుతుంది?

నర్సుగా పనిచేయాలంటే రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. రిజిస్ట్రేషన్ లేని రోజుల అనుభవాన్ని తర్వాత ఎవరూ లెక్కలోకి తీసుకోరు, ఏదైనా పొరపాటు జరిగితే నింద మాత్రం మీ మీదే పడుతుంది. ఒక రాష్ట్రంలో చదివి ఇంకో రాష్ట్రంలో పనిచేసేవాళ్ళు రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి.

ప్రైవేటు ఆస్పత్రిలో పన్నెండు వేలు ఇస్తున్నారు. ఇంతేనా మా బతుకు?

ఇంతే కానక్కర్లేదు. 2016లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట కేంద్రం వేసిన కమిటీ ప్రైవేటు నర్సుల జీతానికి లెక్క చెప్పింది. 200 పడకలు దాటిన ఆస్పత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 దాటితే అంతకంటే 10%, 50 నుంచి 100 మధ్య ఉంటే 25% మించి తగ్గకూడదు. 50 పడకల లోపు చిన్న ఆస్పత్రిలోనైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదు.

కమిటీ సిఫారసు చేసింది, అమలు చేయాల్సింది రాష్ట్రాలు. చాలాచోట్ల అమలు కాలేదన్నది మీ జీతం స్లిప్పే చెబుతుంది. నా సలహా: మొదటి రెండేళ్ళు జీతం కంటే నేర్చుకునే చోటు చూడండి. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, లేబర్ రూమ్, డయాలసిస్‌లలో ఒకదాంట్లో గట్టి అనుభవం వస్తే తర్వాత బేరమాడే స్థితి మీదవుతుంది. అపాయింట్‌మెంట్ ఆర్డర్, పీఎఫ్, బ్యాంకు ఖాతాలో జీతం, ఈ మూడింటి దగ్గర మాత్రం మొహమాటపడొద్దు.

కాంట్రాక్టులో ఏళ్ళుగా చేస్తున్నాను. ఆ సర్వీసుకి విలువ ఉంటుందా?

తెలంగాణ వైద్య ఆరోగ్య నియామక బోర్డు స్టాఫ్ నర్సు పోస్టులకు 100 మార్కుల్లో 80 రాత పరీక్షకు, 20 ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు పెట్టింది. గిరిజన ప్రాంతాల్లో చేసినవాళ్ళకు ఆ మార్కులు కొంచెం ఎక్కువ వచ్చేలా లెక్క వేశారు. ఎవరూ వెళ్ళని చోటికి వెళ్ళినవాళ్ళకు ఇవ్వాల్సిన మర్యాద అది. అయితే సర్వీస్ సర్టిఫికెట్ సరైన అధికారి సంతకంతో, సరైన నమూనాలో ఉంటేనే మార్కులు. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తకుండా ఏటా తీసుకుని దాచుకోండి.

నైట్ డ్యూటీలో ముప్పై మంది రోగులకు నేనొక్కదాన్నే. ఇది మామూలేనా?

మామూలైపోయింది. సరైనది మాత్రం కాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం జనరల్ వార్డులో బోధనాస్పత్రిలో ముగ్గురు రోగులకు, మిగతా ఆస్పత్రుల్లో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. ఐసీయూలో ఒకరికి ఒకరు. సెలవుల కోసం అదనంగా 30% మందిని పెట్టుకోవాలి. మన వార్డుల్లో ఈ మాట చెబితే నవ్వుతారని తెలుసు.

తేడా రోగి ప్రాణం మీద పడుతుంది. అమెరికాలో పెన్సిల్వేనియా ఆస్పత్రుల మీద 2002లో వచ్చిన పరిశోధనలో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో నర్సు చేతికింద ఒక్క రోగి పెరిగితే 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7% పెరుగుతున్నట్టు తేలింది. 2014లో యూరప్‌లోని తొమ్మిది దేశాల లెక్కల్లోనూ అదే ధోరణి కనిపించింది. డిగ్రీ చదివిన నర్సులు ఎక్కువున్న ఆస్పత్రుల్లో మరణాలు తక్కువని కూడా ఆ అధ్యయనమే చెప్పింది.

మీవైపు నుంచి చేయగలిగింది: ఏ షిఫ్టులో ఎంతమంది రోగులు, ఎంతమంది నర్సులు అన్నది షిఫ్టు మారేటప్పుడు అప్పగించే ఓవర్ రిపోర్టు పుస్తకంలో రోజూ రాయండి. సూపరింటెండెంట్‌కి నోటితో కాకుండా రాతలో చెప్పండి. రేపు ఏదైనా జరిగితే మిమ్మల్ని కాపాడేది ఆ పుస్తకమే. ఎక్కువ మందిని అడగడానికి పాలకవర్గానికి ఆధారమయ్యేదీ అదే.

రోగి బంధువులు మీదికొస్తే చట్టం ఏమైనా ఉందా?

ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో తెచ్చిన చట్టం ప్రకారం ఆస్పత్రి సిబ్బంది మీద దాడి బెయిల్ లేని నేరం. మూడేళ్ళ వరకు జైలు, 50,000 వరకు జరిమానా పడవచ్చు. డాక్టర్లకే కాదు, నర్సులకు, విద్యార్థులకు కూడా అది వర్తిస్తుంది. రాజీ పడమని ఒత్తిడి వస్తుంది. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ ఆ నిర్ణయం మీదే అవ్వాలి, మేనేజ్‌మెంట్‌ది కాదు.

ట్రాన్స్‌జెండర్లు ఆస్పత్రిలో ఉద్యోగం చేయవచ్చా?

నిరభ్యంతరంగా. 2022లో ఉస్మానియా జనరల్ ఆస్పత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. 2019 చట్టం ప్రకారం ఉద్యోగంలో వివక్ష చూపకూడదు.

## ఊళ్ళో వైద్యం

మా ఊరి క్లినిక్‌లో ఎమ్‌ఎల్‌హెచ్‌పీ మేడమ్ మందులిస్తున్నారు. ఆవిడ డాక్టరా?

కాదు. ఎమ్‌ఎల్‌హెచ్‌పీ అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్. డాక్టరని ఆవిడ కూడా చెప్పుకోరు. ఎక్కువమంది బీఎస్సీ నర్సింగ్ చదివి, సామాజిక ఆరోగ్యంలో శిక్షణ పొందినవాళ్ళు. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద సబ్‌సెంటర్లను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చినప్పుడు ఈ ఉద్యోగం వచ్చింది. ముప్పై దాటినవాళ్ళకు బీపీ, షుగరు పరీక్షలు చేయడం, డాక్టరు రాసిన మందులు నెలనెలా ఇవ్వడం, గర్భిణులను చూడటం, అవసరమైతే ఈ-సంజీవని వీడియో కాల్‌లో డాక్టరుతో మాట్లాడించడం వాళ్ళ పని.

చదువు తక్కువవాళ్ళు చేసే వైద్యం అనుకోకండి. బీపీ మాత్ర అయిపోతే దాని కోసం కూలి మానుకుని ముప్పై కిలోమీటర్లు బస్సులో వెళ్ళాల్సివస్తే జనం మాత్రే మానేస్తారు. తర్వాత పక్షవాతంతో వస్తారు. ఊళ్ళో మాత్ర దొరకడమే అక్కడ పెద్ద వైద్యం.

మిడ్‌వైఫ్ అంటే పాతకాలం మంత్రసానేనా? కాన్పుకి ఆమెను నమ్మొచ్చా?

నమ్మొచ్చు. జీఎన్‌ఎం లేదా బీఎస్సీ చదివి రిజిస్టరైన నర్సే, కాన్పుల మీద మళ్ళీ 18 నెలలు ప్రత్యేక శిక్షణ పొంది మిడ్‌వైఫ్ అవుతుంది. దేశమంతటికీ మార్గదర్శకాలు 2018లో వచ్చాయి. తెలంగాణ అంతకుముందే, 2017లో, యునిసెఫ్‌తో, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆస్పత్రితో కలిసి కరీంనగర్‌లో శిక్షణ మొదలుపెట్టింది.

ఎందుకంత తొందర అంటే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో కాన్పుల్లో 60.7%, ఆంధ్రప్రదేశ్‌లో 42.4% సిజేరియన్లు. ముహూర్తం చూసుకుని కోయించుకునే మన అలవాటుకి కూడా ఇందులో వాటా ఉంది. ఇబ్బందుల్లేని గర్భానికి, గంటల తరబడి పక్కనే కూర్చుని, నడిపించి, నొప్పి ఓర్చుకునేలా ధైర్యం చెప్పే మనిషి కావాలి. డాక్టరుకి అంత తీరిక ఉండదు. ఏదైనా తేడా కనబడితే డాక్టరుని పిలవడం కూడా మిడ్‌వైఫ్ శిక్షణలో భాగమే.

ఆశా కార్యకర్తగా ఉంటూ పైకి చదువుకోవచ్చా?

చదువుకోవచ్చు. ఇంటర్ పాసై, వయసు పరిమితిలోపు ఉంటే ఏఎన్‌ఎంకి దరఖాస్తు చేయండి. వెయ్యి జనాభాకి ఒకరు చొప్పున 2005 నుంచి ఊళ్ళను చూసుకుంటున్న ఆశాలకు ఏ ఇంట్లో ఎవరున్నారో తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళను అవార్డుతో గౌరవించింది. ఆంధ్రప్రదేశ్‌లో గౌరవ వేతనం 2019లో 10,000 రూపాయలు చేశారు. జీతం అనకుండా గౌరవ వేతనం అన్నంతకాలం వాళ్ళు రోడ్డెక్కుతూనే ఉంటారు, ఎక్కడం న్యాయమే.

## విదేశాలకు, మళ్ళీ ఉద్యోగానికి

ఏ దేశానికి ఏ పరీక్ష రాయాలి?

అమెరికాకి ఎన్‌క్లెక్స్, దానికి హైదరాబాద్‌లోనే సెంటరుంది. బ్రిటన్‌కి కంప్యూటర్ పరీక్ష, అక్కడికి వెళ్ళాక చేతిపని చూపించే ఓస్కీ, వీటితోపాటు ఇంగ్లిష్ భాషా పరీక్ష ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ. ఐఈఎల్‌టీఎస్‌లో రైటింగ్‌కి 6.5, మిగతా మూడింట్లో 7 రావాలి. గల్ఫ్‌కి ఆయా దేశాల లైసెన్సు పరీక్ష, డేటాఫ్లో అనే సంస్థ చేసే సర్టిఫికెట్ల తనిఖీ. జర్మనీకి అసలు పరీక్ష భాషే. నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా జర్మన్‌లో బీ2 స్థాయి కావాలి. ఉద్యోగం చేసుకుంటూ ఆ స్థాయికి రావడానికి ఏడాది పైనే పడుతుంది, నాలుగు నెలల్లో నేర్పిస్తామనే ప్రకటనలు నమ్మొద్దు.

గల్ఫ్ ఉద్యోగానికి ఏజెంటు మూడు లక్షలు అడుగుతున్నాడు. ఇవ్వాలా?

వద్దు. లైసెన్సున్న ఏజెంటు కూడా తీసుకోగలిగే సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ. అంతే. పైగా సౌదీ, కువైట్ లాంటి 18 దేశాలకు నర్సుల నియామకం 2015 నుంచి ప్రభుత్వం అనుమతించిన సంస్థల ద్వారానే జరగాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు అందుకే ఉన్నాయి. విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడ మార్చుకోవచ్చని ఎవరైనా అంటే ఆ సంభాషణ అక్కడితో ఆపేయండి.

అందరూ వెళ్ళిపోతే ఇక్కడ రోగుల్ని ఎవరు చూస్తారు? వెళ్ళేవాళ్ళది తప్పు కాదా?

పన్నెండు వేలకు పన్నెండు గంటలు చేయించుకుని, వెళ్ళిపోయావని నిందించడం న్యాయం కాదు. 2030 నాటికి ప్రపంచంలో కోటి మందికి పైగా ఆరోగ్య సిబ్బంది తక్కువ పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాబట్టి ధనిక దేశాలు పిలుస్తూనే ఉంటాయి. ఆపాలనుకుంటే ఇక్కడ జీతం, పోస్టు, గౌరవం పెంచాలి. ఐదేళ్ళు వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళను ఇక్కడ చేర్చుకునే దారి కూడా తెరిచి ఉండాలి, వాళ్ళు నేర్చుకొచ్చిన పని మామూలుది కాదు.

పెళ్ళయ్యాక పిల్లల కోసం పదేళ్ళు మానేశాను. మళ్ళీ రావొచ్చా?

రావొచ్చు. ముందు మీ రిజిస్ట్రేషన్ పరిస్థితి కౌన్సిల్‌లో కనుక్కోండి. ఐదేళ్ళకోసారి రెన్యువల్, దానికి 150 గంటల నిరంతర విద్య అన్నది నిబంధన. గడువు దాటిపోయి ఉంటే ఆలస్య రుసుము కట్టాల్సిరావచ్చు. ఆధార్‌తో ముడిపడిన జాతీయ నర్సుల రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకుని నంబరు తీసుకోండి.

నేరుగా ఐసీయూకి వెళ్ళకండి. ఇన్‌ఫ్యూజన్ పంపులు, కంప్యూటర్లో కేస్ షీట్లు, మందుల పేర్లు అన్నీ మారిపోయి ఉంటాయి. ఓపీ, టీకాల విభాగం, డయాలసిస్ సెంటర్ లాంటి పగటి డ్యూటీల్లో మూడు నాలుగు నెలలు చేసి తర్వాత వార్డు అడగండి. ఇంటర్వ్యూలో ఖాళీ ఏళ్ళ గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి బతికించే పద్ధతి) శిక్షణ కొత్తగా చేసి ఆ సర్టిఫికెట్ తీసుకెళ్తే, చేర్చుకునేవాళ్ళకి మీ మాట మీద నమ్మకం కలుగుతుంది.